హంద్రీ ఒడ్డున సముద్రం

సముద్రాన్ని ఎన్నడూ చూడని వారికి సముద్ర సంరక్షణను గురించి చెప్పబూనడం కొంత సాహసమే. కర్నూలు, కడప సీమలలో పుట్టి పెరిగిన మాకు నీరు అనగానే గుర్తుకు వచ్చేవి బిందెల వరుస, ఎండిన బావి, మబ్బుకై ఎదురుచూచే రైతు. అయినప్పటికీ గత సంవత్సరం మేము కొందరు విద్యార్థులము కలిసి హంద్రీ నది ఒడ్డున ఉన్న ఒక పేటలో సముద్రాన్ని గురించిన చిత్రాన్ని ప్రదర్శించాము. ఆ రాత్రి మేము నేర్పినదానికంటే నేర్చుకున్నదే ఎక్కువ. ఆ సంగతే ఇక్కడ విన్నవించుకుంటున్నాము.

మేము ఎంచుకున్నది మైక్ పాండే నిర్మించిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్'. గుజరాత్ తీరంలో జరిగిన తిమింగల సొరల వేట దీని ఇతివృత్తం. చేపలన్నింటిలోకి పెద్దది ఇదే. నలభై అడుగులకు పైగా కూడా పెరగగలదు. అంతటి దేహం గల ప్రాణి అయినా మనిషికి హాని చేయదు. నోరు తెరచి నీటిని వడగట్టి, అందులోని సూక్ష్మజీవులను, చిన్న చేపలను తిని బ్రతుకుతుంది. అటువంటి సాధుజీవిని కాలేయపు నూనె కోసం, మాంసం కోసం కొక్కేలతో పట్టి తీరానికి ఈడ్చేవారు. 2000లో వెలువడిన ఈ చిత్రం ఆ దృశ్యాన్ని లోకం కళ్ళ ముందు నిలిపింది. 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వం తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది.

అయితే చట్టం ఒక్కటే చేపను కాపాడలేదు. 2004లో గుజరాత్‌లో జరిగిన ప్రచారంలో రామకథా ప్రవచనకారులు మురారి బాపు ఆ చేపను పురుటికి పుట్టింటికి వచ్చే ఆడబిడ్డతో పోల్చారు. ఆ మాట జాలరుల హృదయాలను తాకింది. చంపిన చేతులే విలువైన వలలను కోసి వందలాది సొరలను విడిచిపెట్టాయి. వల నష్టానికి అటవీశాఖ పరిహారం ఇచ్చింది. మన రాష్ట్రంలోనూ 2021 డిసెంబరులో విశాఖపట్నం సమీపాన తంతడి తీరంలో వలకు చిక్కిన తిమింగల సొరను తిరిగి కడలిలోకి పంపారు.

ఇషా నమాజు ముగిసిన తరువాత ఒక ఇంటి గోడకు తెల్లని దుప్పటి కట్టి ప్రదర్శన ప్రారంభించాము. పూర్వం ప్రభుత్వ ప్రచారశాఖ వారి బండి వచ్చి డాక్యుమెంటరీలు చూపిన రోజులను పెద్దలు తలచుకున్నారు. చిత్రాన్ని ఆపి ఆపి ఒకరు ఉర్దూలో, మరొకరు తెలుగులో వివరించాము. వేట దృశ్యం వచ్చినప్పుడు పిల్లలు కూడా కిక్కురుమనలేదు. చిత్రం ముగిశాక ఒక వృద్ధురాలు మమ్మల్ని పిలిచి, "బేటా, అంత పెద్ద నోరు తెరిచి నీళ్ళు తాగేస్తుంది కదా, మరి ఆ నీళ్ళలోని చెత్త దాని కడుపులోకి పోదా?" అని అడిగింది. "పోతుంది నానీ, ప్లాస్టిక్ కూడా మింగుతుంది" అని చెప్పి, ఆమె తెలివికి ఆశ్చర్యపడి, అందరికీ టీ పంచాము.

మరునాటి ఉదయం దుప్పటి తీసుకొనడానికి వెళ్ళిన మాకు సిగ్గుతో తల వంగిపోయింది. మేము టీ పంచినది ప్లాస్టిక్ గ్లాసులలో! 2022 జూలై 1 నుండి అవి దేశమంతటా నిషిద్ధమైనా అంగడిలో దొరికాయి, మేము కొన్నాము. రాత్రి గాలికి అవన్నీ దొర్లి హంద్రీలోకి చేరాయి. ఏరబోతే సగం కూడా దొరకలేదు. ఆ వృద్ధురాలు వాకిట నిలిచి చూస్తూ ఉంది, కాని ఒక్క మాట అనలేదు. ఆమె మౌనమే మాకు పెద్ద పాఠమైంది.

ఆ గ్లాసులు ఎక్కడికి పోతాయి? హంద్రీ మన ఊరిలోనే తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర సంగమేశ్వరం వద్ద కృష్ణను చేరుతుంది. కృష్ణ శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి హంసలదీవి వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. కడప సోదరులదీ ఇదే కథ. బుగ్గవంక పెన్నలోకి, పెన్న నెల్లూరు సీమలో సముద్రంలోకి. సుంకేసుల నుండి సాగే కె.సి. కాలువ మన రెండు జిల్లాల నీళ్ళను ఎప్పుడో ముడివేసింది. ఆనకట్టలు చెత్తను కొంత ఆపుతాయన్నది నిజమే. కాని 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద వంటిది వచ్చినప్పుడు ఏ ఆనకట్ట ఏమి ఆపగలదు?

మన ఉర్దూలో 'దరియా' అంటే నది. ఆ పదానికి పుట్టిల్లయిన పారశీకంలో దాని అర్థం సముద్రం. ఒకే మాటలో నదీ సముద్రాలను ఇమిడ్చిన పూర్వుల విజ్ఞత మాకు ఆ ఉదయమే బోధపడింది.

తరువాతి ప్రదర్శన కడపలో బుగ్గవంక సమీపాన జరిగింది. ఈసారి "ఎవరి గ్లాసు వారే తెచ్చుకోవలెను" అని ముందుగానే ఇంటింటికీ చెప్పాము. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు. అయినా స్టీలు గ్లాసులు, ఇత్తడి లోటాలు, పింగాణీ కప్పులు వచ్చాయి. టీ ముగిశాక నేలమీద ఒక్క గ్లాసు కూడా మిగలలేదు. మేము సాధించినది అంతే. అది స్వల్పమే కావచ్చు గాని, ఆ రాత్రి బుగ్గవంకకు మా వలన కీడు జరగలేదు.

విద్యార్థి మిత్రులారా! చిత్రం చూచి కన్నీరు కార్చడం సులభం, చేతిలోని గ్లాసును మార్చుకొనడమే కష్టం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అందుకే కళాశాల కార్యవర్గం వారికి మా సవినయ మనవి: రాబోయే వార్షికోత్సవంలో పారవేసే గ్లాసులకు బదులు స్టీలు గ్లాసులు ఏర్పాటు చేయించండి. వాటిని కడిగే బాధ్యత మేము స్వీకరిస్తాము.