నివురు కింద పిడుగు

నాలుగు కాళ్ల పీట. కాళ్లకి గాజు తొడుగులు. అడవి కాపలా గోపురంలో ఉండే మనిషి ఉరుములు మొదలవగానే దీని మీదికెక్కి నిలబడేవాడట. మా నాయనమ్మైతే వీధి తలుపు మూసి "అర్జునా, ఫల్గుణా" అనుకునేది. ఎవరి పీట వాళ్లది.

సియాటిల్‌లో ఉండే మా అమ్మాయి కారులో తీసుకొస్తే అమెరికాలోని మోంటానా రాష్ట్రం, మిసూలా చూస్తున్నాను. పారాచూట్లతో దూకి అడవి మంటలార్పే దళానికి ఇక్కడో స్థావరం. పక్కనే 1960లో పెట్టిన అగ్ని పరిశోధనశాల. మాకు అన్నీ చూపించిన పెద్దాయన, 1949 ఆగస్టు 5న మాన్ గల్చ్‌లో 13 మందిని పొట్టనపెట్టుకున్న మంట కూడా పిడుగుదేనని చెప్పి, కాసేపు మాట్లాడలేదు.

"పిడుగు ఎక్కడ పడేదీ ముందే చెప్పగలరా?" అన్నాను.

"పడ్డాక చెప్పగలం" అని నవ్వాడు. "అది దేని మీద పడిందన్నదే మా లెక్క."

నా చేతిలో ఒక పుల్లల కట్ట పెట్టాడు. అరంగుళం మందం పైన్ పుల్లలు నాలుగు, చిన్న తెప్పలా ఉంది. పూర్తిగా ఎండినప్పుడు సరిగ్గా 100 గ్రాములు. ఆరుబయట ఉంచి తూస్తే, ఎన్ని గ్రాములు పెరిగితే అంత శాతం తేమ. త్రాసు 106 చూపించింది. అంటే ఆరు. మా ఊళ్లో ధాన్యం కొనేవాళ్లు గింజ కొరికి తేమ చెప్పేవారు. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమంటే వెక్కిరింపనుకున్నాను ఇన్నాళ్లూ!

పుల్ల చెప్పేది సన్నకొమ్మల సంగతే. చెట్ల కింద ఏళ్ల తరబడి పేరుకుని చివికిన ఆకుల మెత్త నిదానంగా ఆరుతుంది. అందుకే రోజుల తరబడి ఎండా వానా లెక్కగట్టాలి. అలాంటి మెత్త మీద కృత్రిమ మెరుపులు ప్రయోగించి, ఏది ఎప్పుడు అంటుకుంటుందో చూసి 1989లో అచ్చువేశారు. కొన్నిటికి తేమ ముఖ్యం, కొన్నిటికి మందం. పిడుగులూ అన్నీ ఒకటి కావు. విద్యుత్తు తెగకుండా కాస్త ఎక్కువసేపు పారేవాటితోనే భయం.

అంటుకున్నా వెంటనే పొగ రాదు. నివురు కింద రోజుల తరబడి రాజుకుని, గాలి తిరిగిన పూట లేస్తుంది. అందుకే పిడుగులు పడ్డ చోట్ల మీద తర్వాతా కన్నేసి ఉంచుతారు. 2020 ఆగస్టులో కాలిఫోర్నియా మీద కొద్ది రోజుల్లోనే వేల పిడుగులు పడ్డాయి. వాన మాత్రం పెద్దగా లేదు.

తిరుగుదారిలో కొండ వెనక మెరిసింది. నా నోట "అర్జునా" దానంతటదే వచ్చింది. అమ్మాయి వైపర్ మీద చెయ్యి వేసి ఉంచింది. చాలా దూరం వెళ్లాం. అద్దం మీద ఒక్క చినుకూ పడలేదు.