రెండు పాయింట్లు తక్కువ

మా హాలియాలో మార్చి దాటితే అందరూ పాటించే రూల్ ఒకటుంది. బండి ఏదైనా సరే, ఎండాకాలం టైర్లలో గాలి రెండు పాయింట్లు తక్కువ కొట్టించాలి. "ఎండకు గాలి పెరుగుతది, టైర్ పేలుతది" అంటారు. పంక్చర్ షాపుల్లో మనం అడగకముందే తగ్గించి కొడతారు. (పాయింట్ అంటే పీఎస్ఐ. మా దగ్గర పీఎస్ఐ అంటే ఎవరికీ అర్థం కాదు, పాయింట్ అంటే చిన్న పిల్లలకు కూడా తెలుసు.)

తమాషా ఏంటంటే, రేస్ ట్రాక్ మీద కారు నడిపేవాళ్ళు కూడా అదే పని చేస్తారు. వేడికి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి ముందే తగ్గించి పెట్టుకుంటారు. లెక్క ఒకటే, కారణం ఒకటే. కానీ ట్రాక్ మీద అది కరెక్ట్, హైవే మీద డేంజర్. ఇది నాకు ఈ సంక్రాంతి సెలవుల్లో బాగా అర్థమైంది, ఎందుకంటే ఆ రెండు పనులూ ఒకే కారుతో, అవే నాలుగు టైర్లతో చేయాల్సి వచ్చింది.

మా పెద్దనాన్న కొడుక్కి హైదరాబాద్‌లో ఐటీ జాబ్. కార్ల పిచ్చి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది కదా, 1990లో మొదలైంది, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అక్కడ ట్రాక్ డే బుక్ చేశాడు. ట్రాక్ డే అంటే రేస్ కాదు. డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, గేదెలు, స్పీడ్ బ్రేకర్లు, రాంగ్ సైడ్ ఆటోలు లేని రోడ్డు మీద సొంత కారును ఎంత దాకా పోతుందో చూసుకోవడం. "తమ్మీ, నువ్వు కంప్యూటర్ సైన్స్ గదా, టైర్ ప్రెషర్ లెక్కలు నువ్వే చూడు" అన్నాడు. ఆ రెండింటికీ సంబంధం ఏంటో నన్ను అడగొద్దు. మా పెద్దమ్మ ఇంకో అడుగు ముందుకేసి, "కంచి పక్కనేనట గదా, కామాక్షమ్మను చూసుకొని వస్త" అంది. వదిన పట్టుచీరల లిస్ట్ రాసింది. అట్లా రేస్ ట్రాక్ ప్లాన్ కాస్తా ఫ్యామిలీ ట్రిప్ అయ్యింది.

ముందు సైజ్ గొడవ. కారుకు ఉన్నవి 185/65 ఆర్15. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 15 అంగుళాలు. అన్నకు 205/55 ఆర్16 వేయించాలని ఉంది, చూడటానికి బాగుంటాయని సగం, గ్రిప్ కోసమని సగం. లెక్క వేశాను. పాతదాని మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు, కొత్తదాని ఎత్తు దాదాపు 632. అంటే స్పీడోమీటర్ వంద చూపించేటప్పుడు కారు అంతకు ముందుకన్నా 1.7 శాతం ఎక్కువ స్పీడ్‌లో పోతుంది. 195/55 ఆర్16 అయితే 621 దగ్గరే ఆగుతుంది, ఆ తేడా రాదు.

వెడల్పు టైర్ అంటే నేలను ఎక్కువ ఏరియా పట్టుకుంటుందని నేను కూడా అనుకునేవాణ్ణి. దాదాపు అట్లా ఏం ఉండదు. టైర్ మీద 300 కిలోల బరువుండి లోపల 32 పాయింట్లుంటే, అది చదరపు సెంటీమీటర్‌కు 2.25 కిలోలు, కాబట్టి నేలకు ఆనేది సుమారు 133 చదరపు సెంటీమీటర్లు. చెయ్యి చాపితే ఎంతో దాదాపు అంత. టైర్ వెడల్పయితే ఆ ముద్ర అడ్డంగా పెరిగి నిలువుగా తగ్గుతుంది. మలుపుల్లో అది పనికొస్తుంది, నిజమే. కానీ ఆ ముద్ర సైజ్‌ను ఎక్కువగా నిర్ణయించేది బరువు, గాలి. అలాయ్స్, టైర్ల బిల్లు చూశాక వదిన కూడా నా లెక్కకే ఓటేసింది. పాత టైర్లతోనే పోయాం, సైడ్‌వాల్ మీద ఉన్న నాలుగు అంకెల తేదీ (మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం) చూసి, మరీ పాతవి కావని నిర్ధారించుకున్నాకే.

ఈ విషయం మా నాన్నకు చెప్తే ఆయనకు కొత్తగా ఏం అనిపించలేదు. ట్రాక్టర్ వెనక టైర్లకు దుక్కిలో తక్కువ గాలి ఉంటే ముద్ర పెద్దదవుతుంది, పట్టు దొరుకుతుంది. అదే ట్రాక్టర్‌కు ట్రక్కు తగిలించి వడ్లు వేసుకుని మిర్యాలగూడ మిల్లుకు పోయేటప్పుడు ఆ గాలి చాలదు. సాగర్ ఎడమ కాలువ కింద దమ్ము చేసే మడిలో అయితే ఏ టైరూ పనికిరాదు, ఇనుప కేజ్ వీల్స్ వేయాల్సిందే. వాటితో తారు రోడ్డు ఎక్కితే రోడ్డు పోతుంది. పని మారితే చక్రం మారాలి అనేది మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న జ్ఞానమే. కారు విషయంలోనే ఎవరికీ గుర్తు రాదు.

రేసుల్లో టైర్ మాట ఎంత పెద్దదో తెలియాలంటే 2005 అమెరికా గ్రాండ్ ప్రి చూడండి. మిషెలిన్ టైర్లు ఇండియానాపొలిస్ చివరి మలుపు ఒత్తిడిని తట్టుకోలేవని తేలి, ఫార్మేషన్ ల్యాప్ తర్వాత 14 కార్లు వెనక్కి పోయాయి. మిగిలిన ఆరు కార్లలో మన నరైన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడు. ఫార్ములా వన్‌లో ఆయనకు వచ్చిన 5 పాయింట్లూ ఆ రోజువే. (ఈ పాయింట్లు వేరు!) 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగినప్పుడు నేను ఇంటర్ హాస్టల్‌లో ఉన్నా, ఫోన్ లేదు, తర్వాత వీడియోలు చూశా. ఆ కార్లకు నున్నటి స్లిక్స్ ఉండవు, మన కార్లకున్నట్టు గాడులుంటాయి. ఎండకైనా వానకైనా అవే టైర్లు.

సరే, ట్రాక్. పొద్దున 25 డిగ్రీలు. స్టిక్కర్ మీద 32 ఉంది, మేము 30 పెట్టాం. ఇక్కడ నా కోడ్ పనికొచ్చింది. గేజ్ చూపించేది బయటి గాలి ఒత్తిడికి పైన ఎంతుందో మాత్రమే, కాబట్టి ముందు 14.7 కలపాలి, డిగ్రీలను కెల్విన్‌లోకి మార్చాలి, లెక్కయ్యాక మళ్ళీ 14.7 తీసేయాలి. 30 పాయింట్లు 65 డిగ్రీల దగ్గర 36 అవుతాయి. మేము కావాలనుకున్న వేడి ప్రెషర్ కూడా అదే.

నన్ను కారులో కూర్చోనివ్వలేదు, పిట్ దగ్గర గేజ్ పట్టుకుని నిలబడ్డా. టైర్ అంచు మీద, సైడ్‌వాల్ మీదికి కూడా వచ్చేట్టు, చాక్‌పీస్‌తో గీత గీశాం. తిరిగొచ్చాక ఎక్కడిదాకా చెరిగిందో చూస్తే, మలుపుల్లో టైర్ ఎంత పక్కకు ఒరుగుతుందో తెలుస్తుంది. సైడ్‌వాల్ మీదికి చెరిగితే గాలి తక్కువైనట్టు. వేల రూపాయల సెన్సర్లు కొనలేని వాళ్ళకు ఇది చాలు. మొదటి సెషన్ తర్వాత ముందు కుడి టైర్ 36, ముందు ఎడమది 38. కుడి మలుపుల్లో బరువంతా ఎడమ టైర్ మీద పడుతుంది మరి. ఎడమదాంట్లో రెండు తీసేశాం. అన్న మొహం ఎట్లుందంటే, జాబ్ వచ్చిన రోజు కూడా అంత సంతోషంగా లేడు.

రాత్రి కంచిలో లాడ్జి. పొద్దున్నే ఐదుగురం, రెండు సూట్‌కేసులు, చీరల సంచులు, ఎదురుగా నెల్లూరు, ఒంగోలు, అద్దంకి మీదుగా మిర్యాలగూడ దాకా రోడ్డు. కారు కదలకముందే గేజ్ పెట్టా. ముందు ఎడమది 28. వేడి మీద 36 చేసింది చల్లారితే 28కే వస్తుంది, లెక్క కూడా అదే చెప్పింది. దగ్గర్లో ఉన్న బంక్‌కు పోదాం అన్నాను.

"ఇంటికి పోయినంక కొట్టిద్దాం. పైగా ఎండెక్కుతది, తక్కువున్నదే మంచిది" అన్నాడు అన్న. నిన్నంతా ట్రాక్ మీద అదే చేశాం కదా అని ఆయన పాయింట్.

నిన్న పదిహేను నిమిషాలకోసారి ఆపి చూశాం, కారులో ఒక్కడే ఉన్నాడు. ఈ రోజు ఐదుగురు, గంటల తరబడి ఎవరూ చూడరు. గాలి తక్కువున్న టైర్ తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ ఎక్కువ మడత పడి లేస్తుంది, ఆ మడతల్లోనే వేడి పుడుతుంది. ఎండ ఇచ్చే వేడి కంటే భయపడాల్సింది దానికి. స్టిక్కర్ మీద రాసే చల్లటి అంకె, తర్వాత పెరుగుతుందని తెలిసే రాస్తారు. వాళ్ళు ఒకసారి లెక్కేసిందాన్ని మనం రెండోసారి తీసేస్తున్నాం. ఇదంతా నేను ఇంత నీట్‌గా చెప్పలేదు, "పెద్దమ్మ ఉంది అన్నా కారులో" అన్నా, అంతే. ఆయన బండి బంక్ వైపు తిప్పాడు. ముందు 32, వెనక స్టిక్కర్‌లో ఫుల్ లోడ్‌కు రాసినంత కొట్టించాం. బంక్ మీటర్‌కూ మా గేజ్‌కూ ఒక పాయింట్ తేడా ఉంది, మేము మా గేజ్‌నే నమ్మాం.

ఒంగోలు దగ్గర టీకి ఆగినప్పుడు మళ్ళీ చూశా. ముందు టైర్లు 36. "చూసినవా, పెరిగింది. తీసెయ్" అన్నాడు అన్న. తీయలేదు. లోపలి గాలి 50 డిగ్రీల దగ్గరుంటే 32 అంతే అవుతుంది, ఫోన్‌లో చూపించా. పెద్దమ్మ అద్దం దించి, "టైర్లకు జ్వరం చూసుడు అయిందా బిడ్డా, ఇగ పోదామా?" అంది.

టైర్లలో ముందు ఎడమదానికి బయటి అంచు బాగా అరిగింది. ఈ నెల్లో వెనక్కి మార్పించాలి.