మినీ ట్రాక్టరుకి హైడ్రాలిక్ లింకులు: మా డబ్బులు ఎక్కడ పోయాయంటే

పోస్టు పెద్దదే. ఊళ్ళో మినీ ట్రాక్టరు ఉన్నవాళ్ళు, కొందామనుకునేవాళ్ళు టీ తెచ్చుకుని చదవండి.

మేము ముగ్గురం వుడ్‌ల్యాండ్స్‌లో ఒకే రూము. ముగ్గురిదీ టెక్కలి దగ్గర ఒకే ఊరు. ఓటీ డబ్బులు కలిపి పోయిన ఏడాది 24 హెచ్‌పీ ట్రాక్టరు కొన్నాం. ఊళ్ళో దాన్ని నడిపేది మాలో ఒకరి తమ్ముడు, మాకందరికీ చిన్నోడే. వెనక లెవలరు బ్లేడు కట్టి పొలాలు చదును చేస్తాడు. బ్లేడు ఒక పక్కకి వంచాలంటే దిగి కుడి లిఫ్ట్ రాడ్డు హ్యాండిల్ తిప్పాలి. ముందుకో వెనక్కో వంచాలంటే టాప్ లింక్ తిప్పాలి. చిన్నోడు బైకు మీంచి పడ్డప్పటి నుంచి వాడి మోకాలు సరిగ్గా వంగదు. ఎకరం పనికి ముప్పైసార్లు దిగి ఎక్కి, రాత్రికి కాలు వాచిపోయేది. "అన్నయ్యా, ఇంక నా వల్ల కాదు, అమ్మేద్దాం" అన్నాడు.

అమ్మితే మా రెండేళ్ళ ఓటీ సగం రేటుకి పోతుంది. సైటులో ఎక్స్‌కవేటర్ ఆపరేటరు సీటు మీంచి దిగకుండానే బకెట్టు వంచుతాడు కదా, మనకెందుకు కాదు అనుకున్నాం. టాప్ లింక్ ఉన్నచోట ఒక సిలిండరు, కుడి లిఫ్ట్ రాడ్డు ఉన్నచోట ఇంకొకటి. బయటి దేశాల్లో చిన్న ట్రాక్టర్లకి ఇది మామూలే. అసలీ మూడు పాయింట్ల లింకేజి హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండ్ ఆయనది. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరుతో ఊరూరా పాకింది. అన్ని కంపెనీలదీ ఇప్పుడు అదే పద్ధతి కాబట్టి సిలిండరు ఎవరిదైనా పిన్నులు సరిపోవచ్చు. పొడవు మాత్రం మనమే కొలుచుకోవాలి.

మొదటి తప్పు అక్కడే చేశాం. పాత రాడ్డు పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి చిన్నోడు కొలిచి వాట్సాప్‌లో పెట్టాడు, 17 అంగుళాలు. మూసినప్పుడు 17, తెరిస్తే 21 వచ్చే సిలిండరు ఆర్డరిచ్చాం. బిగించాక చూస్తే బ్లేడు కుడి పక్క కిందికి దిగుతుంది గానీ పైకి రాదు. ఎలా వస్తుంది? పూర్తిగా మూసినప్పుడే సమంగా ఉంది, ఇంకా మూయడానికేముంది! బ్లేడు సమంగా ఉన్నప్పుడు సిలిండరు సగం తెరిచి ఉండాలి. మేము 15 నుంచి 19 వచ్చేది తీసుకోవాల్సింది. ఇక్కడ సెంటీమీటరు తేడాకి కుర్రాళ్ళ మీద అరిచేవాళ్ళం, సొంత సొమ్ము దగ్గర బొక్కబోర్లా పడ్డాం. చివరికి లేత్ షాపులో ఎడమ రాడ్డు రెండంగుళాలు పొడుగ్గా చేయించాం. బ్లేడు ఇదివరకంత ఎత్తు లేవదు, అయినా పని నడుస్తుంది.

రెండోది ఆయిలు. మా ట్రాక్టరుకి ట్రాలీ ఎత్తే పైపు ఒక్కటే ఉంది. దాంతో సిలిండరు ఒకవైపే తోస్తుంది, లాగదు. రెండు లివర్ల స్పూల్ వాల్వు పెట్టించాం. పంపు నుంచి ఆయిలు ముందు ఈ వాల్వులోకి రావాలి, అక్కణ్ణుంచి పవర్ బియాండ్ దారిలో ట్రాక్టరు లిఫ్టుకి పోవాలి, ట్యాంకుకి రిటర్ను వేరేగా ఉండాలి. మెకానిక్ రెండు పైపులు తారుమారు చేశాడు, లిఫ్టే లేవలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే ఊళ్ళో ఏడింటికి, వీడియో కాల్‌లో పైపు పైపుకీ రంగు టేపు చుట్టించి సరిచేశాం. రూములో మిగతావాళ్ళు లైటు ఆర్పమని ఒకటే గోల.

ఇక అసలు సంగతి. లాక్ వాల్వు అక్కర్లేదని డబ్బు మిగిల్చాం. ఒకరోజు చిన్నోడు బ్లేడు ఎత్తిపెట్టి ఫోనులో మాకు చూపిస్తున్నాడు. చిన్నాన్న కిందికి చెయ్యి పెట్టి గ్రీజు రాస్తున్నాడు. స్క్రీన్‌లో బ్లేడు కుడి పక్క మెల్లగా దిగడం మాకు కనిపించింది, అక్కడున్న ఇద్దరూ చూడలేదు. ముగ్గురం ఒక్కసారే అరిచాం. చిన్నాన్న చెయ్యి లాగేశాడు, ఏమీ కాలేదు. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. స్పూల్ వాల్వు ఎంత కొత్తదైనా లోపల కాస్త ఆయిలు జారుతుంది, బరువు మోసే సిలిండరు దానంతటదే దిగుతుంది. సిలిండరు దగ్గరే లాక్ వాల్వు ఉంటే హోస్ పగిలినా ఆగుతుంది. రెండింటికీ పెట్టించాం. అయినా బ్లేడు నేలకి దించి, ఇంజను ఆపాకే కింద చెయ్యి పెట్టాలని చిన్నాన్న చేత ఒట్టు వేయించుకున్నాం. లాక్ వాల్వు ఆ ఒక్క సిలిండరునే పట్టుకుంటుంది. ఎవరైనా లిఫ్టు లివరు తగిలిస్తే మొత్తం దిగిపోతుంది.

హోస్‌లు కట్టేటప్పుడు లిఫ్టు పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించి, రెండు సిలిండర్లూ చివరిదాకా తెరిచి మూసి చూడండి. ఎక్కడా బిగుసుకోకూడదు, పీటీవో షాఫ్టుకి తగలకూడదు. రోటవేటరు కట్టినప్పుడు టాప్ లింక్ అతిగా కదిపితే షాఫ్టు కోణం మారి జాయింట్లు కొట్టుకుంటాయి, అప్పుడు ఆ లివరు జోలికి పోవద్దు. కొత్తలో గాలి పోవడానికి పది పన్నెండుసార్లు ఆడించి, సిలిండర్లు మూసి ఆయిలు మట్టం చూడండి. మాకు లీటరుకి పైనే పట్టింది. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడొద్దు, అట్టముక్క పెట్టండి. సన్న చిల్లు నుంచి వచ్చే ఆయిలు చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది గానీ ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. సైటులో టూల్‌బాక్స్ మీటింగులో రోజూ వినేదే, ఊళ్ళో చెప్పేవాళ్ళు లేరు.

మొన్న ఆదివారం చిన్నోడు ఫోను చేశాడు. ఎకరంన్నర చదును చేశాడట, డీజిలు పోయించుకోవడానికి ఒక్కసారే దిగాడట. ఇప్పుడు పక్క ఊరి ఆయన తన ట్రాక్టరుకీ పెట్టించుకుంటాను, కొలతలు పంపమంటున్నాడు. మా కొలతలు పంపలేదు. టేపు పట్టుకుని ఎలా కొలవాలో వీడియో తీసి పంపమని చిన్నోడికి చెప్పాం.