పాకుడు కాని పాకుడు

నాచు, పాకుడు అన్న మాటలను మనం ఒకదానికి బదులు మరొకటి వాడేస్తుంటాం గానీ, వాటి మధ్య సన్నని గీత ఒకటుంది. నాచు కంటికి తెలిసేది, పాకుడు కాలికి తెలిసేది. కోనేటి మెట్ల మీద ఒక్కసారైనా జారినవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. మేముండే మేరీలాండ్ రాష్ట్రంలో, గన్‌పౌడర్ ఫాల్స్ అనే ఏటిలో, ఈ రెంటిలోనూ ఇమడని పదార్థం ఒకటుంది. చూపుకు పాకుడే, తాకితే మాత్రం జారదు. దాన్ని గుర్తుపట్టడం గురించీ, గుర్తుపట్టాక ఏమని పిలవాలన్న చిక్కు గురించీ నాలుగు మాటలు.

పేరులో ఫాల్స్ అని ఉన్నా అది జలపాతం కాదు, ఏరే. బాల్టిమోర్ నగరానికి మంచినీళ్ళిచ్చే ప్రెటీబాయ్ ఆనకట్ట అడుగునుంచి వదిలే చల్లని నీటితో వేసవిలోనూ వణికిస్తూ ప్రవహిస్తుంది. ఆ చలువ వల్లనే అందులో బ్రౌన్ ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టి పెరుగుతున్నాయి. గాలం వేసేవారికి అది పుణ్యక్షేత్రం. 2008లో అక్కడి రాళ్ళ మీద డిడిమో ఉన్నట్టు నిర్ధారణ అయింది. పూర్తిపేరు డిడిమోస్ఫీనియా జెమినేటా. గాజు గుల్లలో బ్రతికే ఏకకణజీవి, అంటే డయాటం. డెన్మార్క్ శాస్త్రవేత్త లింగ్‌బీ 1819లోనే దీన్ని వర్ణించాడు. గాలం వేసేవారు పెట్టిన ముద్దుపేరు మాత్రం "రాతి చీమిడి".

నాకు దీన్ని చూపించినది మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన. వారాంతాల్లో ఏటి వెంట తిరుగుతూ రాళ్ళు ఎత్తి చూడడం ఆయనకు అలవాటు. ఒకనాడు ఒక రాయి నా చేతిలో పెట్టి, "ముందు కళ్ళు మూసుకుని తడుము, తరవాత చూద్దువుగాని" అన్నారు. తడిసిన ఉన్నిని పట్టుకున్నట్టుంది. ఆ తరవాత ఆయన చెప్పిన గుర్తులివి. రంగు గోధుమ, పసుపు కలిసిన గోధుమ, లేదా తెలుపు. ఆకుపచ్చగా ఉంటే వేరే నాచు అనుకోవచ్చు. లాగితే అంత సులభంగా ఊడిరాదు. వేళ్ళ మధ్య నలిపితే జిగురుగా పాకదు, దూదిలా గరగరలాడుతుంది. బాగా ముదిరితే ప్రవాహంలో తెల్లని తోకల్లా ఆడుతుంది. దూరంనుంచి చూసినవారు కాగితపు చెత్త కొట్టుకొచ్చిందనుకుంటారు.

ఇన్ని గుర్తులు కలిసినా తీర్పు చెప్పాల్సింది సూక్ష్మదర్శినే. సింబెల్లా జానిషీ అనే మరో డయాటం కూడా ఇలాంటి దుప్పట్లే నేస్తుంది. సింబెల్లా కణం ఒక వైపుకు వంగిన పడవలా ఉంటుంది. డిడిమో కణం నడుము సన్నగిల్లిన సీసా ఆకారంలో, మిల్లీమీటరులో ఇంచుమించు పదోవంతు పొడవుంటుంది. మనం చేత్తో తడిమే ఉన్ని ఆ కణం కాదు. రాతిని పట్టుకోవడానికి అది స్రవించే కాడ. కణం చచ్చినా కాడ మిగులుతుంది. ఆ కాడలు పెనవేసుకుని ఏటి అడుగును కప్పేస్తే మేఫ్లై వంటి పురుగుల పిల్లలు తగ్గి, చిన్న చిన్న దోమజాతి పురుగులు పెరుగుతాయి. చేప పళ్ళెంలో వడ్డన మారిపోతుంది.

2004లో న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలోని వయావ్ నదిలో ఇది కనబడినప్పుడు అక్కడివారు కలవరపడ్డారు. భూమధ్యరేఖకు దక్షిణాన అదే మొదటిసారి అని అప్పట్లో అనుకున్నారు. బూట్లనూ గాలాలనూ "చూడండి, కడగండి, ఆరబెట్టండి" అని ఊరూరా ప్రచారం చేశారు. పాకుడు మీద జారకుండా జాలరులు వేసుకునే ఫెల్టు అడుగు బూట్లే ఈ కణాలను తడితో సహా మోస్తున్నాయని 2008లో వాటిని నిషేధించారు. 2011లో మేరీలాండ్ కూడా అదే పని చేసింది. గన్‌పౌడర్ ఒడ్డున ఉప్పునీటి తొట్లు వెలిశాయి.

ఇంతవరకూ ఇది పరాయి జీవి వచ్చి పడ్డ కథ. తరవాత కథ అడ్డం తిరిగింది. క్యూబెక్‌లోని మాటపీడియా నదిలో 2006లో డిడిమో విరగబూసింది. ఆ ప్రాంతపు సరస్సు అడుగున బురద పొరలను పరిశీలిస్తే, అంతకు దశాబ్దాల ముందునుంచే దాని గాజు గుల్లలు ఉన్నాయి. బ్రాడ్ టేలర్, మాక్స్ బాత్‌వెల్ అనే శాస్త్రవేత్తలు 2014లో వాదించినదీ ఇదే: చాలాచోట్ల ఇది కొత్తగా వచ్చినది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే; మారినది నీరు. ఎరువు చేరిన చెరువు పచ్చబడడం మనం ఎరిగినదే. డిడిమోది తలకిందుల వ్యవహారం. నీటిలో భాస్వరం మరీ తగ్గినప్పుడు కణం విభజన చెందలేక, ఎండనుంచి తయారుచేసుకున్న పిండిపదార్థాన్నంతా కాడగా పొడిగిస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

ఇంకో విడ్డూరం ఉంది. డిడిమో బారినుంచి కాపాడుదామనుకున్న ఆ బ్రౌన్ ట్రౌట్ అమెరికాది కాదు. 1883లో జర్మనీనుంచి గుడ్ల రూపంలో ఓడెక్కి వచ్చింది. న్యూజీలాండ్‌కు 1867లో చేరింది. నచ్చిన అతిథి ఇంటివాడయ్యాడు, నచ్చని ఇంటివాడు అతిథిగా మారాడు.

"ఏలియన్" అని అచ్చువేసిన కాగితాలను ఏళ్ళ తరబడి మోసినవాణ్ణి కనుక, జీవశాస్త్రంలో అదే మాట ఎదురైతే నా చూపు కాసేపు అక్కడే ఆగుతుంది. అలాగని మనిషినీ నాచునూ ఒక తక్కెడలో పెట్టను. పరాయివి చేసే చెరుపు నిజమే. న్యూజీలాండ్‌కు డిడిమో బయటనుంచే చేరింది. దక్షిణ అమెరికానుంచి వచ్చిన గుర్రపుడెక్క మన కాలువలకు చేసిన హాని కళ్ళెదుటే ఉంది. దానికి మేత మాత్రం మన ఎరువులూ మురుగునీరే. పేరు పెట్టడంలో ఉన్న ప్రమాదమల్లా, అది మన చూపు ఎటు తిరగాలో నిర్ణయిస్తుంది. పరాయిది అనగానే బూట్లు కడిగి చేతులు దులుపుకుంటాం. ఇక్కడిదే అంటే ఎగువకు నడవాలి, ఆనకట్టనూ నీటినీ ప్రశ్నించాలి. రెండో పని కష్టం.

బూట్లు కడగడం మానమని కాదు. అరవై డిగ్రీల వేడినీటిలో నానబెట్టి, పూర్తిగా ఆరనిచ్చి గానీ ఒక ఏటినుంచి మరో ఏటికి వెళ్ళరాదు. కడుగుతూనే ఎగువకూ చూడమంటాను.

చివరగా ఒక కోరిక. దీనికి తెలుగులో పేరు లేదు. నాచు, పాకుడు, పాచి – ఏదీ నప్పడం లేదు. తడిసిన ఉన్నిలా రాతిని పట్టుకున్నదాన్ని మీ వైపు ఏమంటారో, తెలిసినవారు చెప్పగలరు.