యాప్ వాళ్లది... అలవాటు మనది!

తెల్లారేసరికి వంటింట్లో పోపులపెట్టె చోటు మారిపోతే ఇల్లాలికి ఎలా ఉంటుంది? మారిస్తే మార్చారు... ముందు ఒక మాట చెప్పాలిగా! ఫోన్లో రోజూ వాడే యాప్ రాత్రికి రాత్రి రూపు మార్చుకున్నప్పుడు కుర్రకారుకి వచ్చే కోపం అచ్చం అలాంటిదే. 'ఎవర్నడిగి మార్చారు?' అని గట్టిగా నిలదీయాలనిపిస్తుంది. కానీ ఎవర్ని? తయారుచేసినవాళ్లు ఏడు సముద్రాల అవతల ఉంటారు. పైగా మనం పైసా కట్టలేదు. ఇక చేతిలో మిగిలేది ఒకే ఒక్క ఆయుధం... రేటింగ్ దగ్గర ఒక్క స్టార్ నొక్కడం!

ఆ ఒక్క స్టార్ దెబ్బను పదేపదే తిన్న యాప్ స్నాప్‌చాట్. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో కలిసి చదివిన కుర్రాళ్లు 2011లో మొదలుపెట్టారు దాన్ని. పంపిన ఫొటో అవతలివాళ్లు చూడగానే మాయమైపోవడం దాని ప్రత్యేకత. ఇద్దరు స్నేహితులు రోజూ తప్పకుండా స్నాప్‌లు పంపుకుంటే పేరు పక్కన నిప్పు గుర్తూ, ఎన్ని రోజులైందో చెప్పే అంకే కనిపిస్తాయి. దాన్నే స్ట్రీక్ అంటారు. పరీక్షలున్నా, పెళ్లికి వెళ్లినా, జ్వరం వచ్చినా ఆ అంకె తెగిపోకుండా కాపాడుకునే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు.

అంతగా అల్లుకుపోయిన యాప్ మీదే దాన్ని వాడేవాళ్లు మూడుసార్లు భగ్గుమన్నారు. మూడుసార్లూ కారణం వేరు, ఫలితమూ వేరు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కోపం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ గాలిలో కలిసిపోతుందో తెలుస్తుంది.

మాట తెచ్చిన మంట

మొదటిది మనదేశంలోనే మొదలైంది. 2017 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక కోర్టు కేసు పత్రాలు బయటికొచ్చాయి. స్నాప్‌చాట్ మాజీ ఉద్యోగి ఒకరు వేసిన కేసు అది. 'ఈ యాప్ డబ్బున్నవాళ్ల కోసమే. ఇండియా, స్పెయిన్ లాంటి పేద దేశాలకు విస్తరించే ఉద్దేశం లేదు' అన్న అర్థం వచ్చేలా సీఈవో ఇవాన్ స్పీగెల్ మాట్లాడారన్నది అందులోని ఆరోపణ. సంస్థ దాన్ని కొట్టిపారేసింది. స్నాప్‌చాట్ అందరిదీ అంది. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

మనవాళ్లు యాప్ తీసేశారు. తీసేసేముందు ఒక్క స్టార్ ఇచ్చి మరీ తీసేశారు. ఐఫోన్ యాప్ స్టోర్‌లో అప్పట్లో తాజా వెర్షన్ రేటింగే ముందు కనిపించేది. దాంతో అది చూస్తుండగానే ఒక్క స్టార్‌కి పడిపోయింది. అసలు తమాషా అది కాదు. ఆ ఆవేశంలో కొందరు పేరు సరిగా చూసుకోకుండా స్నాప్‌డీల్ మీద పడ్డారు! పాపం, అది మనదేశంలోనే పుట్టిన ఆన్‌లైన్ దుకాణం. చేయని తప్పుకి ఒక్క స్టార్లు మూటగట్టుకుంది. మాకూ స్నాప్‌చాట్‌కీ సంబంధం లేదని చెప్పుకోవాల్సిన పరిస్థితి వస్తుందని కలలో కూడా అనుకోలేదంటూ దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన కునాల్ బెహల్ వాపోయారు.

ఆ కోపం ఏమైంది? కొన్ని వారాల్లో చల్లారిపోయింది. 2023కల్లా మనదేశంలో నెలకు 20 కోట్ల మందికి పైగా స్నాప్‌చాట్ వాడుతున్నారని ఆ సంస్థే సగర్వంగా ప్రకటించింది. మాట మీద వచ్చిన కోపం మాటలాగే గాలిలో కలిసిపోయింది.

రాని చుట్టం కోసం...

రెండోది అలా కాదు. నేరుగా చేతివేళ్లకే తగిలింది. 2017 మార్చిలో సంస్థ స్టాక్‌మార్కెట్‌లోకి అడుగుపెట్టింది. షేర్లు కొన్నవాళ్లు ఊరుకుంటారా... కొత్తవాళ్లు ఎంతమంది చేరారని మూడు నెలలకోసారి అడుగుతారు. పెద్దవయసువాళ్లకు ఈ యాప్ ఒక పట్టాన అర్థంకాదన్న మాట ఎప్పటినుంచో ఉంది. దాంతో మొత్తం రూపే మార్చేశారు. స్నేహితుల స్టోరీలనూ, వాళ్లతో చాటింగ్‌నూ కలిపి ఒకవైపు పెట్టారు. సినిమా తారలనూ, పత్రికలనూ రెండోవైపుకి నెట్టారు. ఎవరు ముందు కనిపించాలో కంప్యూటరే నిర్ణయించడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా కళ్లు మూసుకుని నొక్కినచోట ఇప్పుడు వేరే ఏదో తెరుచుకుంటోంది. రాని చుట్టం కోసం పంక్తిలో కూర్చున్నవాళ్ల విస్తళ్లు జరిపేసినట్టయింది.

2018 ఫిబ్రవరికి ఈ మార్పు ఎక్కువమంది ఫోన్లలోకి వచ్చేసింది. ఇంకేముంది... పాత రూపం తిరిగి ఇవ్వమంటూ ఇంటర్నెట్‌లో పెట్టిన ఒక వినతిపత్రం మీద 12 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. సంస్థ మర్యాదగా జవాబిచ్చింది. కొన్ని సర్దుబాట్లు చేస్తామంది. వెనక్కి మాత్రం వెళ్లనంది. అలవాటుపడటానికి సమయం పడుతుందని స్పీగెల్ తేల్చేశారు. 'ఫలానా తార ఇదివరకు నా స్నేహితురాలిలా అనిపించేది, ఇప్పుడు అనిపించట్లేదు' అని వచ్చిన ఫిర్యాదును కూడా ఆయన తన వాదనకే వాడుకున్నారు. నిజమే, ఆమె మీ స్నేహితురాలు కాదుగా అన్నారు!

ఆ తర్వాత ఫిబ్రవరి 21న టీవీ తార కైలీ జెన్నర్ ట్విటర్‌లో ఒక్క వాక్యం రాసింది. స్నాప్‌చాట్ తెరవడం మానేసింది నేనొక్కదాన్నేనా, ఇంకెవరైనా ఉన్నారా అన్నది దాని సారాంశం. మర్నాడు షేరు సుమారు 6 శాతం పడింది. 130 కోట్ల డాలర్ల విలువ ఆవిరైపోయింది. 12 లక్షల సంతకాలకు కదలనిది ఒక్క వాక్యానికి కదిలిందని అందరూ నవ్వుకున్నారు.

కానీ సంస్థకు అసలు గుణపాఠం చెప్పింది ఆ వాక్యం కాదు. ఏ సంతకమూ పెట్టకుండా, ఎవరితోనూ చెప్పకుండా యాప్ తెరవడం మానేసినవాళ్లు. 2018 మొదటి మూడు నెలల్లో రోజుకు 19.1 కోట్ల మంది స్నాప్‌చాట్ వాడేవారు. తర్వాతి మూడు నెలల్లో అది 18.8 కోట్లకు, ఆపై 18.6 కోట్లకు తగ్గింది. వాడేవారి సంఖ్య తగ్గడం ఆ సంస్థ చరిత్రలో అదే మొదటిసారి. మే నెలలోనే స్నేహితుల స్టోరీలను మళ్లీ విడదీసి పక్కకు పెట్టడం మొదలైంది. మార్పును తొందరపడి తెచ్చామని ఆ ఏడాదే ఉద్యోగులకు రాసిన లేఖలో స్పీగెల్ కూడా ఒప్పుకున్నారు.

ఇందులో మనకు సంబంధించిన పిట్టకథ ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో స్నాప్‌చాట్ ఏళ్లతరబడి నత్తనడక నడిచేది. ఐఫోన్‌లో ఉన్నంత చక్కగా ఫొటోలు వచ్చేవి కావు. మనదేశంలో ఎక్కువమంది చేతుల్లో ఉండేది ఆండ్రాయిడే కదా! జనం తగ్గాక సంస్థ దృష్టి అటు మళ్లింది. మొదటినుంచీ మళ్లీ రాసిన ఆండ్రాయిడ్ యాప్‌ను 2019లో విడుదల చేసింది. పాతదానికన్నా 25 శాతం చిన్నదనీ, 20 శాతం త్వరగా తెరుచుకుంటుందనీ చెప్పింది. కొత్త కొత్త ఫిల్టర్లూ తోడయ్యాయి. ఆ ఏడాది మధ్యకల్లా రోజూ వాడేవారి సంఖ్య 20 కోట్లు దాటింది.

అద్దె ఇంట్లో ఆల్బమ్

మూడో కోపం మిగతా రెండింటికన్నా లోతైనది. మాయమైపోయే ఫొటోల యాప్ 2016లో 'మెమరీస్' అనే అర తెచ్చింది. నచ్చిన స్నాప్‌లను అందులో దాచుకోవచ్చు, ఉచితంగా. పిల్లలు దాచుకున్నారు. కాలేజీలో చేరిన రోజు, హాస్టల్ గదిలో పుట్టినరోజు, ఇప్పుడు లేని తాతయ్య నవ్వు... అన్నీ అందులోకే చేరాయి. అలా దాచినవి లక్ష కోట్లు దాటాయని సంస్థే లెక్క చెప్పింది.

2025 సెప్టెంబరు చివర్లో కొత్త ప్రకటన వచ్చింది. 5 జీబీ దాకా ఉచితం. అది దాటితే నెలనెలా డబ్బు కట్టాలి. అప్పటికే దాటినవాళ్లకు ఏడాది గడువు. చాలామందికి దీంతో ఇబ్బందే ఉండదనీ, ఇన్ని కోట్ల ఫొటోలు దాచడానికి ఖర్చవుతుందనీ సంస్థ వాదన. అందులో అబద్ధమేమీ లేదు. కానీ దాచుకోమని పిలిచిన రోజు ఆ మాట చెప్పలేదన్నది ఏళ్ల తరబడి దాచుకున్నవాళ్ల బాధ. మళ్లీ వినతిపత్రాలు, మళ్లీ ఒక్క స్టార్లు.

ఈసారి వాళ్ల బలం మాత్రం తక్కువ. రూపు నచ్చకపోతే తెరవడం మానేయొచ్చు. జ్ఞాపకాలు లోపలుండగా తలుపు వేసుకుని వెళ్లిపోవడం ఎలా? అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. అలాంటి ఇంట్లో పెళ్లి ఆల్బమ్ పెట్టి, తాళంచెవి కూడా ఆయనకే ఇచ్చినట్టయింది.

చెప్పేది ఎవరికి?

ఇది ఒక్క యాప్ కథ కాదు. 2006లో ఫేస్‌బుక్ 'న్యూస్‌ఫీడ్' పెట్టినప్పుడు లక్షలమంది ఒక్కటై వ్యతిరేకించారు. జుకర్‌బర్గ్ క్షమాపణ చెప్పారు. ఎవరికి ఏం కనిపించాలో ఎంచుకునే వీలిచ్చారు. ఫీడ్‌ను మాత్రం తీయలేదు. 2022 జులైలో ఇన్‌స్టాగ్రామ్ తెరనిండా వీడియోలు చూపించబోతే స్నేహితుల ఫొటోలు కావాలని జనం గొడవచేశారు. ఆ నెలాఖరులోనే సంస్థ ఆ ప్రయోగాన్ని ఆపింది. వీడియోలపై దృష్టిని మాత్రం వదల్లేదు. ఒక అడుగు వెనక్కి, రెండడుగులు ముందుకి... ఎక్కడైనా ఇదే లెక్క. ఎందుకంటే ఈ సంస్థలకు ప్రధాన ఆదాయం ప్రకటనలే. మనం ఎంతసేపు చూస్తే అంత డబ్బు. కాబట్టి మనం ఏమంటున్నామన్నదానికన్నా ఏం చేస్తున్నామన్నదే వాళ్లు ఎక్కువగా చూస్తారు.

అలాగని ఒక్క స్టార్ ఎందుకూ పనికిరాదని కాదు. గూగుల్ ప్లేస్టోర్ 2019 నుంచి తాజా రేటింగులకు ఎక్కువ విలువ ఇస్తోంది. స్టార్‌తోపాటు ఏ ఫోన్‌లో, ఏం నొక్కితే, ఏం జరుగుతోందో రెండు వాక్యాలు రాస్తే తయారుచేసేవాళ్లకు పనికొస్తుంది. బూతులు రాస్తే వాళ్లకీ మనకీ ఉపయోగం లేదు. ఖాతా మూసేసినా, ఎవరైనా వేధిస్తున్నా మన చట్టం కొంత అండగా ఉంది. 50 లక్షలకు పైగా సభ్యులున్న సామాజిక మాధ్యమ సంస్థలు మనదేశంలోనే ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. ఆయన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా అప్పీలు కమిటీకి వెళ్లొచ్చు. అది కూడా ఆన్‌లైన్లోనే. బొత్తాం చోటు మార్చారన్న ఫిర్యాదుకి మాత్రం ఏ కమిటీ దగ్గరా మందు లేదు.

జ్ఞాపకాల సంగతి మాత్రం మన చేతుల్లోనే ఉంది. స్నాప్‌చాట్ సెట్టింగ్స్‌లోని 'మై డేటా'లోకి వెళ్లి అడిగితే దాచుకున్నవన్నీ దింపుకోవచ్చు. చాలా యాప్‌లలో ఇలాంటి దారి ఒకటి ఉంటుంది. ఓ ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చేయించండి. ఒక కాపీ ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో పెట్టండి. మరీ ఇష్టమైనవి నాలుగు ప్రింటు వేయించండి. ఆ తర్వాత యాప్ రూపు మారితే మారనీ, ధర పెంచితే పెంచనీ... నచ్చితే ఉంటాం, లేకపోతే వెళ్లిపోతాం. దర్జాగా ఆ మాట అనగలిగినవాళ్ల కోపానికే ఏ సంస్థ అయినా భయపడేది!