నీడలో కొలిచిన ఎండ

ఆలూర్ దగ్గర ఒక పల్లె మాది. ఆర్మూర్ చుట్టూ ఎటు పోయినా పసుపు చేన్లే. చేన్లు పటేండ్లవి. తవ్వింది, ఉడకబెట్టింది, ఎండబోసింది మా మాదిగవాడ. పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో పెడితే సంక్రాంతి దాటినంక తవ్వుడు మొదలైతది. ఉడకబెట్టిన కొమ్ములు కళ్ళంలో పది పదిహేను దినాలు ఎండాలి. అవి ఎండినన్ని దినాలు మా అవ్వ కూడా వాటితోపాటే ఎండేది.

1986లో నేను ఎనిమిదో తరగతి. బడి పేరు, సారు పేరు ఇక్కడ చెప్పను. భూగోళం నాకు ఇష్టమైన పాఠం. అందులో మా బతుకు కనబడేది. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వస్తాయని సారు చెప్తుంటే, మిరుగు కార్తె రాంగనే మొగులు దిక్కు చూసే అవ్వ యాదికొచ్చేది. పడమటి కనుమలు మబ్బును అడ్డుకుంటే అవతలి వాలుకు వాన దండిగా పడుతుందని, ఇవతలి వాలుకు తక్కువ పడుతుందని, దాన్ని వర్షచ్ఛాయ అంటారని చెప్పాడు. ఎవరో తినంగ మిగిలింది తెచ్చుకునే ఇంట్ల పుట్టినోన్ని, ఆ పాఠం నాకు తొందరగానే అర్థమైంది.

మార్చి నెలలో ఉష్ణోగ్రత పాఠం వచ్చింది. సారు బోర్డు మీద ఒక పెట్టె బొమ్మ గీశాడు. దాని పేరు స్టీవెన్సన్ పెట్టె. చెక్కతో చేసి తెల్లరంగు వేస్తారు. గాలి ఆడటానికి నాలుగు పక్కలా సందులుంటాయి. నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున నిలబెడతారు. మన దేశంలో దాని తలుపు ఉత్తరం దిక్కుకు ఉంటుంది, తెరిచినప్పుడు కూడా లోపలి థర్మామీటరు మీద ఎండ పడొద్దని. రేడియోలో చెప్పే డిగ్రీలన్నీ ఆ నీడలో కొలిచినవేనని సారు చెప్పాడు.

నేను ఎనుక వరుసలో, తలుపు దగ్గర కూసునేటోన్ని. అక్కడ నా వీపు మీద ఎండ పడుతున్నది. లేచి అడిగిన.

“సార్, మరి ఎండల పనిజేసేటోళ్ళకు ఎంతుంటది సార్?”

సారు కొంచెంసేపు నా దిక్కే చూశాడు.

“మీవోళ్ళకు ఎండ ఏం జేస్తదిరా? తోలు మందం గదా,” అన్నాడు.

తోలు అన్న మాట ఎందుకన్నాడో క్లాసులో అందరికీ తెలుసు. అందరూ నవ్విండ్రు. నేనూ నవ్విన. సారు మాట కన్నా నా నవ్వే నాకు ఇప్పటికీ సిగ్గు.

పొద్దుగూకినంక కళ్ళం కాడికి పోయిన. కళ్ళంల చెప్పులు తొడగొద్దు, పంట లచ్చిమి. మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టినోడు, ఆయన కోడలు కాలే నేల మీద ఉత్త కాళ్ళతో పసుపు తిరగేసింది. నడుముకు ఎండదెబ్బ తగలొద్దని కట్టుకున్న ఉల్లిగడ్డ. ఆ రాత్రి దీపం దగ్గర అవ్వ అరికాళ్ళకు ఆముదం రాసిన. పొక్కులు పగిలి లోపల ఎర్రగ ఉన్నది. తోలు మందం లేదు.

“బడిల ఏం జెప్పిండ్రు బిడ్డా?” అని అడిగింది.

“ఏం జెప్పలేదవ్వా,” అన్న.

తర్వాత నేనూ సాంఘికశాస్త్రం పంతులునైన. సారు చెప్పిన శాస్త్రం తప్పు కాదని అప్పుడు తెలిసింది. ఎండలో పెట్టిన థర్మామీటరు తానే కాగిపోయి గాలి వేడిని సరిగా చూపించదు. అందుకే నీడ. కానీ మనిషి ఎండలో కాగిపోడా?

నా ప్రశ్నకు జవాబు నేను పుట్టకముందే ఉన్నదని కూడా తెలిసింది. 1950లలో అమెరికా సైనిక శిబిరాల్లో జవాన్లు ఎండకు కూలిపోతుంటే వాళ్ళ కోసం ఒక లెక్క కట్టారు. నల్లరంగు పూసిన గోళంలో ఒక థర్మామీటరు పెట్టి ఎండలో ఉంచుతారు. ఇంకొకదానికి తడిగుడ్డ చుట్టి గాలికి పెడతారు. మూడోది మామూలుగా నీడలో. మూడింటినీ కలిపిన లెక్క హద్దు దాటితే కవాతు ఆపాలి. అంటే ఎండలోని మనిషిని కొలవొచ్చు. ఆ మనిషి పానం విలువైనదని ఎవరన్నా అనుకోవాలె, అంతే.

2015 మే నెలలో తెలంగాణ, ఆంధ్ర రాష్ట్రాల్లో ఎండదెబ్బకు వెయ్యి మందికి మించి చనిపోయారు. వాళ్ళలో కూలినాలి చేసుకునేటోళ్ళు, ముసలోళ్ళు ఎక్కువ. రోజూ పేపర్లలో డిగ్రీలు వచ్చాయి. అవన్నీ నీడలో కొలిచినవే. తాతల కాలంలో మా నీడ సోకితే మైల అన్నారు. పని కాడ మాకు నీడే లేకుండా చేశారు. ఆఖరికి ఎండ లెక్కలో కూడా మేము లేము.

అవ్వ ఈ ముచ్చట తెలువకుండనే పోయింది.

ఇప్పుడు ఆ పాఠం నేను చెప్తాను. పెట్టె బొమ్మ గీస్తాను. పక్కన ఒక కళ్ళం గీస్తాను, అందులో ఒక మనిషిని. సుద్దముక్క పక్కన పెట్టి ఎనుక వరుస దిక్కు చూస్తాను. ఏ పిల్లనో పిలగాడో లేచి అడుగుతారేమోనని. అడిగిన దినం క్లాసులో ఎవ్వరినీ నవ్వనియ్యను.