ఎడిసన్‌లో కాలినడక

న్యూయార్కు నుంచి రైలులో దాదాపు గంట ప్రయాణం చేస్తే, న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊరు వస్తుంది. విద్యుద్దీపాల ఎడిసన్‌గారి ప్రయోగశాల ఇక్కడి మెన్లో పార్కులోనే ఉండేది. ఇప్పుడు ఎటు చూచినా మన దేశపు ముఖాలే!

నేను దిగింది మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో. 1998లో వచ్చినప్పుడు అన్నయ్య బరువు 58 కిలోలు. ఇప్పుడు 180 పౌన్లు, అంటే 82 కిలోలన్నమాట. "పౌన్లలో చెప్తే క్రికెట్ స్కోరులా బాగుంటుందిరా" అని నవ్వుతాడు. వదిన నవ్వదు. రక్తంలో చక్కెర హద్దు దాకా వచ్చిందని డాక్టరు చెప్పాడట.

తిండి మారిందా అంటే, ఇంట్లో పప్పు, చారు, పెరుగే. మారినది నడక. పాలకు కారు, గుడికి కారు, పక్కవీధికీ కారే! కొన్ని వీధులకు కాలిబాటలే లేవు మరి.

అన్నయ్య ఒక్కడే కాడు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 2004లో వచ్చిన లెక్క చూడండి: అన్ని దేశాల వలసదారుల్లోనూ, వచ్చి ఏడాది నిండనివారిలో స్థూలకాయులు నూటికి 8 మంది, పదిహేనేళ్ళు దాటినవారిలో 19 మంది. పైగా మనవాళ్ళకు కాస్త ఒళ్ళు వస్తేనే చక్కెర జబ్బు పొంచి ఉంటుంది. అందుకే 2015 నుంచి అక్కడి మధుమేహ సంఘం, ఆసియావారిని తక్కువ బరువుకే పరీక్షించమంటున్నది.

ఆ ఊళ్ళో జనం హాయిగా నడిచే చోటు ఓక్ ట్రీ రోడ్డు. చీరల కొట్లు, నగల కొట్లు, వంకాయలూ కరివేపాకూ! సాయంత్రం వదిన మమ్మల్ని అక్కడికి నడకకని తీసుకువెళ్ళింది. మిఠాయి కొట్టు ముందు అన్నయ్య ఆగాడు. "ముందు నడవండి, తిరిగి వచ్చేటప్పుడు చూద్దాం" అన్నది వదిన.

తిరిగి వచ్చేటప్పుడు మమ్మల్ని ఎదుటివైపు బాట పట్టించింది. అటుపక్కా మిఠాయి కొట్టే ఉన్నది.